ఇబ్రాకు వచ్చిన మా కెప్టెన్

సముద్రం కనిపించని ఊరికి నౌకాదళం ఆఫీసర్‌ను దిగుమతి చేసుకున్న ఘనత లోకంలో మా కంపెనీ ఒక్కదానికే దక్కుతుంది. ఊరు ఇబ్రా. మస్కట్ నుంచి రెండు గంటలు లోపలికి పోతే వస్తుంది. చుట్టూ బోడి కొండలు, కొన్ని ఖర్జూరపు తోటలు, మేం కడుతున్న స్కూళ్లు, క్వార్టర్లు. సైట్ దగ్గర చెంబెడు నీళ్లు కావాలన్నా ట్యాంకర్ రావాల్సిందే. డ్రైవర్ల మీద పెత్తనం చేసేవాణ్ణి మా దగ్గర కెప్టెన్ అనడం అలవాటు. 1988లో మా కంపెనీ 'ట్యాంకర్ కెప్టెన్ కావాలి' అని ఏజెంటుకు టెలెక్స్ కొట్టింది. ఆ మహానుభావుడు ట్యాంకర్ అంటే చమురు మోసే ఓడ అనుకున్నాడు. వెదికి వెదికి, చైనా నౌకాదళంలో పాతికేళ్లు చేసి రిటైరైన ఒకాయన్ని పట్టుకుని, వీసా కొట్టించి పంపించాడు.

నేను అక్కడ టైమ్‌కీపర్‌ని. పేరు జయరాముడు, కోరుట్ల పక్కన ఊరు. డిగ్రీ తప్పాను గానీ టైపు లోయర్ పాసయ్యాను. అందుకే పార పట్టే బాధ తప్పి టైపు మిషన్ ముందు కుర్చీ దొరికింది. ఆ కుర్చీలోంచి చూస్తే నాకు అందరూ మొద్దుల్లాగే కనిపించేవాళ్లు. కెప్టెన్ ఐతే మొద్దుల్లో మొద్దు.

మొదటి రోజు సంగతి చెబితే మీరే ఒప్పుకుంటారు. పికప్‌లోంచి పొట్టిగా, మెడదాకా గుండీలు పెట్టుకున్న మనిషి దిగాడు. ట్యాంకర్ డ్రైవర్ నర్సింగ్ పెట్టె అందుకోవడానికి ముందుకు పోయాడు. నర్సింగ్‌ది సిరిసిల్ల. ఒళ్లు ఏనుగంత, బుర్ర ఆవగింజంత.

"ఎవ్వలు సార్ మీరు?" అన్నాడు చేతులు తిప్పుతూ.

ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని "మా. కెప్టెన్" అన్నాడు.

"మీ కెప్టెనా? ఏడున్నడు?" నర్సింగ్ పికప్ వెనక్కి తొంగి చూశాడు.

"మా కెప్టెన్! మా కెప్టెన్!"

"అరె, మీ కెప్టెనేనయ్యా, నేనేమన్న మా కెప్టెన్ అంటున్ననా? ఇంకో బండ్ల అస్తున్నడా?"

చైనా మనిషి దిగీ దిగగానే తెలుగు ఎట్లా మాట్లాడుతున్నాడన్న అనుమానం కూడా ఆ మొగోడికి రాలేదు. ఆయన్ని నీడలో కూర్చోబెట్టి, రాబోయే కెప్టెన్ కోసం ఇంకో చాయ్ పట్టుకుని అరగంట రోడ్డు మీద నిలబడ్డాడు. చివరికి నేను పాస్‌పోర్టు చూసి చెప్పాను. ఆయన పేరు మా వెన్‌హై. 'మా' ఇంటిపేరు. మనలాగే వాళ్లకూ ఇంటిపేరే ముందు. హోదా చెప్పాలంటే దాన్ని ఇంటిపేరు వెనక తగిలిస్తారు. నర్సింగ్ చల్లారిన చాయ్ తానే తాగేసి "గట్ల జెప్పద్దా మరి" అన్నాడు.

మేనేజర్ కమ్రాన్ హైదరాబాద్ మనిషి. ఆయన కెప్టెన్‌ను యార్డులోకి తీసుకుపోయి తుప్పు పట్టిన ఐదు నీళ్ల లారీలు చూపించాడు. కెప్టెన్ వాటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "ఓడ ఎక్కడ?" అని అడిగాడు ఇంగ్లీషులో. కమ్రాన్ విషయం చెప్పి, నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నాడు. ఇంకొకడైతే ఏజెంటును బండబూతులు తిట్టి రభస చేసేవాడు. ఈయన కాసేపు ఆ లారీల వంక చూసి, కాంట్రాక్టు మీద సంతకం పెట్టాను కాబట్టి ఉంటాను అన్నాడు. సంతకానికి అంత విలువ ఇచ్చే మనిషి గల్ఫ్‌లో దేనికి పనికొస్తాడు?

మర్నాటి నుంచి మాకు పట్టపగలు సర్కస్ మొదలైంది. తెల్లవారి ఐదింటికి డ్రైవర్లను వరుసగా నిలబెట్టేవాడు. లారీలను ఓడ డెక్కు కడిగినట్టు కడిగించేవాడు. తాళ్లకు ఏవేవో ముళ్లు వేయడం నేర్పేవాడు. ఒక లావుపాటి పుస్తకంలో రోజూ గాలి ఎటు నుంచి వీస్తోందో రాసుకునేవాడు. గాలి ఎటు వీస్తే మాకేంటి, నీళ్ల లారీకి తెరచాప కడతామా? పక్క కంపెనీల వాళ్లు మా గేటు దగ్గర ఆగి మరీ చూసి పోయేవాళ్లు. తమాషా ఏమిటంటే మూడు నెలల్లో డ్రైవర్లందరూ దారిలోకి వచ్చారు. సైట్‌కు నీళ్లు అందలేదన్న మాట ఆగిపోయింది. అది ఆయన గొప్పతనం అని నేను అప్పుడు ఒప్పుకోలేదు. భయపడి చేస్తున్నారు అన్నాను.

తెలుగు ఆయనకు నర్సింగ్ నేర్పాడు. అంటే ఎలాంటి తెలుగు వచ్చి ఉంటుందో ఊహించుకోండి. శుక్రవారం సెలవు రోజు మెస్ బయట రేకుల నీడలో కూర్చుని ముచ్చట్లు పెట్టేవాళ్లు. ఒక శుక్రవారం నర్సింగ్ అడిగాడు.

"కెప్టెన్ సాబ్, మా అంటే మీ భాషల ఏంది?"

ఆయన లేచి లారీ తలుపు మీద పేరుకున్న దుమ్ములో వేలితో ఒక బొమ్మ గీశాడు. తల, జూలు, కింద నాలుగు కాళ్లు. "హార్స్" అన్నాడు.

"గుర్రమా?" నర్సింగ్ ఎగిరి గంతేశాడు. "నా ఇంటిపేరు గుర్రమే! గుర్రం నర్సింగ్! అన్నా, మనం ఒక్కింటోళ్లమే!"

చైనాలో కూడా ఒకే ఇంటిపేరు వాళ్లు వెనకటికి పెళ్లి చేసుకునేవాళ్లు కాదట, అన్నదమ్ముల కిందే లెక్కట. ఇంకేముంది, ఆ రోజు నుంచి సిరిసిల్ల గుర్రానికి చైనా గుర్రం అన్న అయిపోయాడు. ఎవడి పిచ్చి వాడికి ఆనందం.

ఆ రోజు ఇంటిపేర్ల మీద పెద్ద కథే చెప్పాడు. వాళ్ల భాషలో సామాన్య జనాన్ని 'వంద ఇంటిపేర్లు' అంటారట. కొన్ని పేర్లు రాజ్యాల నుంచి వచ్చాయి, కొన్ని ఊళ్ల నుంచి, కొన్ని చేసే పని నుంచి. కొన్ని రాజులు బహుమానంగా ఇచ్చారు. గుర్రం పేరున్న వాళ్లందరూ గుర్రాలు కాసినవాళ్లు కాదట. "మా తాత జెప్పిండు" అంటూ సొంత ఇంటి గుట్టు విప్పాడు. ఎన్నో వందల ఏళ్ల కిందట అరబ్బు ఓడల వాళ్లు వాళ్ల రేవులో దిగి, అక్కడి ఆడపిల్లలను పెళ్లి చేసుకుని ఉండిపోయారు. తర్వాత ఒక రాజు వచ్చి, అందరూ చైనా పేర్లే పెట్టుకోవాలని ఆజ్ఞ వేశాడు. అప్పుడు వాళ్ల ముత్తాతలు మహమ్మద్ అనే పేరులోంచి మొదటి ముక్క 'మా' ఉంచుకుని, దానికి గుర్రం బొమ్మ తగిలించారు. పైకి గుర్రం, లోపల మహమ్మద్. ఆ ఓడలు బయలుదేరిన దేశం ఒమనే అని తాత అనేవాడట. అందుకే వీసా మీద ఒమన్ పేరు చూసి ఇంకేం అడక్కుండా వచ్చేశాడు.

ఇది విన్న గులాం నబీ పడీ పడీ నవ్వాడు. గులాం నబీ మా ఆఫీసులో అరబ్బీ ఫారాలు నింపే మనిషి, ఊరు కడప. తన పూర్వీకులు బాగ్దాద్ నుంచి వచ్చారని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత అతణ్ణి చూసే పుట్టిందేమో.

"చీనోడు ముసల్మానేందప్పా! ఏదీ, కల్మా చెప్పమను చూస్తాం" అన్నాడు.

కెప్టెన్ లేచి నిలబడ్డాడు. గుండీ పెట్టుకుని, చేతులు కట్టుకుని, చిన్నప్పుడు తాత నేర్పిన ఆ విశ్వాస వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు. నాలుక తిరగలేదు. గులాం నబీ పొట్ట పట్టుకుని నవ్వుతున్నా ఆపకుండా చివరిదాకా చెప్పి, మళ్లీ కూర్చున్నాడు. ఆ నవ్వులో నేనూ కలిశాను.

నౌకాదళం కథ కూడా అలాంటి శుక్రవారమే బయటపడింది. పద్దెనిమిదో ఏట చేరాడు. పదేళ్లు తాళ్లు లాగడం, రంగులు వేయడం. చదువుకుని పరీక్షలు రాసి ఆఫీసర్ అయ్యాడు. ముప్పై నాలుగో ఏట ఒక చిన్న గస్తీ ఓడకు కెప్టెన్.

"ఎన్ని ఓడలు ముంచినవన్నా?" అన్నాడు నర్సింగ్ ఆశగా.

"ముంచలే. ఒకటి ఇసుకల ఎక్కించిన" అన్నాడు.

అదీ ఆయన యుద్ధం. జ్వరంతో కిందగదిలో పడుకున్నప్పుడు పైన ఒక కుర్ర ఆఫీసర్ పొగమంచులో దారి తప్పి ఓడను ఇసుక మేట మీదికి తోలాడు. విచారణ జరిగింది. తప్పు నాదే అని ఈయన సంతకం పెట్టాడు. ఆ తర్వాత ప్రమోషన్ లేదు, ఓడ లేదు. తొమ్మిదేళ్లు తాళ్ల గోదాములో లెక్కలు చూసి రిటైరయ్యాడు. ఆ కుర్రాడు ఇప్పుడు పెద్ద ఓడకు పెద్ద అధికారి.

"నువ్వు పండుకుంటే నీ తప్పెట్లయితది?" అని నేనే అడిగాను.

"నా ఓడ" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. పాతికేళ్ల ఉద్యోగాన్ని ఒక్క సంతకంతో గంగలో కలిపిన తెలివికి దండం పెట్టాలి. ఇలాంటివాణ్ణి మా ఊళ్లో ఐతే మేకలు కాయడానికి కూడా పంపరు.

ఇంతలో లేబర్ కార్డు పని వచ్చింది. ఫారం నేనే టైపు చేశాను. ఆయన నా భుజం పక్కనే నిలబడి చూశాడు. నేను మన పద్ధతిలో గుర్రం నర్సింగ్‌ను జీ చుక్క నర్సింగ్ అని కొట్టినట్టే, ఈయన్ని ఎమ్ చుక్క వెన్‌హై అని కొట్టాను. ఇంటిపేరు ఎవడైనా పూర్తిగా రాస్తాడా? ఆ ఫారం గులాం నబీ చేతికి పోయింది. కడపలో ఎమ్ చుక్క అంటే అతనికి ఒకటే అర్థం. కలం ఎత్తకుండా అరబ్బీలో మహమ్మద్ వెన్‌హై అని రాసేశాడు. రెండు నెలల తర్వాత కార్డు అలాగే వచ్చింది.

గులాం నబీ కార్డు చూసి నోరు వెళ్లబెట్టి, వెంటనే సర్దుకున్నాడు. "అల్లానే రాయించినాడప్పా!" అన్నాడు. మనిషి నిలబడి కల్మా చెబితే నమ్మనివాడు, తన చేతి పొరపాటును చూసి నమ్మాడు. ఆ రోజు నుంచి "మహమ్మద్ భాయ్, రా, తిందువు" అని తన కంచం దగ్గరికి పిలిచేవాడు.

కెప్టెన్ మాత్రం ఆ అరబ్బీ అక్షరాల మీద వేలు పెట్టి రెండుసార్లు చదివించుకున్నాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "మా తాత ఉంటే మస్తు సంబరపడుతుండె" అన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "జయరాం, మంచిగుంది. కానీ పాస్‌పోర్టుల 'మా' ఉన్నది. సరిజెయ్యాలె" అన్నాడు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంటుంది, దాన్ని అడిగేదెవరు, పోల్చి చూసేదెవరు? రెన్యువల్‌కు చేద్దాం లెమ్మన్నాను. రెండేళ్లకోసారి రెన్యువల్ వచ్చేది. ఆయన ప్రతిసారీ గుర్తు చేసేవాడు. నేను ప్రతిసారీ వచ్చేసారి అనేవాణ్ణి. పాత ఫారం చూసి కొత్తది కొట్టడం సులువు మరి.

92లో ఒక సంగతి జరిగింది. స్కూలు శ్లాబు పోస్తున్న రోజు నేను డ్యూటీ చీటీ మీద సైట్ నంబర్ తప్పు కొట్టాను. రెండు ట్యాంకర్లు ఇంకో ఊరికి పోయాయి. సగం పోసిన శ్లాబు ఎండకు పగిలింది. కమ్రాన్ నిప్పులు కక్కుతూ యార్డులోకి వచ్చాడు. నా జేబులో ఆ చీటీ నకలు ఉంది. కెప్టెన్ ముందుకు వచ్చి, "ట్యాంకర్లు నావి. నేనే పంపిన" అన్నాడు. కమ్రాన్ ఆయన సెలవు రద్దు చేశాడు. అప్పటికి నాలుగేళ్లుగా ఆయన ఇల్లు చూడలేదు, టికెట్ కూడా చేతికొచ్చింది. నేను ఆ పూట మెస్‌లో రెండు రొట్టెలు ఎక్కువే తిన్నాను. బతకనేర్వని మనిషి అని నర్సింగ్‌తో అన్నాను. నర్సింగ్ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఇక 96కు రండి. ఒక శుక్రవారం నర్సింగ్‌తో కలిసి మస్కట్‌లో రూవి బజారుకు పోయిన కెప్టెన్ అక్కడి నుంచి రేవు దగ్గరికి పోయాడు. ఒడ్డున పడవ కట్టుకుంటున్న వాళ్ల తాడు జారిపోతుంటే పట్టి, ముడి వేసి ఇచ్చాడు. ఆ ముడి చూసిన పెద్దమనిషి ఎవరు నువ్వని అడిగాడు. మూడు వారాలు తిరిగేసరికి పని ఖాయమైంది. వచ్చే ఓడలకు దారి చూపే చిన్న పడవను నడిపే సారంగు ఉద్యోగం. ఆయనకు యాభై రెండు. అది తప్పితే ఇంక ఈ జన్మలో నీటి మీదికి పోయే దారి లేదు. ఆ సాయంత్రం ఆయన యార్డులో ఈల వేస్తూ తిరిగాడు. ఎనిమిదేళ్లలో ఆయన ఈల నేను వినడం అదే మొదలు.

కానీ రేవు వాళ్లు కాగితాలు చూశారు. నౌకాదళం పుస్తకంలో మా వెన్‌హై, కార్డులో మహమ్మద్ వెన్‌హై. వీళ్లిద్దరూ ఒక్కరేనని, పేరు ఎలా మారిందో వివరిస్తూ కంపెనీ ఒక ఉత్తరం ఇస్తే చాలు అన్నారు. ఒక్క ఉత్తరం. నేను టైపు చేస్తే ఐదు నిమిషాలు పడుతుంది.

కమ్రాన్ మా ముగ్గురినీ గదిలోకి పిలిచాడు. కార్డూ పాస్‌పోర్టూ పక్కపక్కన పెట్టుకున్నాడు. అప్పుడే కంపెనీలో మనుషులను తగ్గిస్తున్నారు. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకు అయిపోతోంది.

"ఎనిమిదేళ్లు సర్కారుకు తప్పుడు పేరు ఇచ్చాం. ఎవడు చేశాడీ పని? వాడు ఇవాళే పోతాడు" అన్నాడు ఉర్దూలో.

గులాం నబీ ముందే తప్పుకున్నాడు. ఇంగ్లీషులో ఏముంటే అదే రాశాను సాబ్ అన్నాడు.

కమ్రాన్ నా వంక తిరిగాడు. "ఏజెంటు పంపిన కాగితంలోనే అట్లుంది సార్" అన్నాను. నా గొంతు కొంచెం కూడా వణకలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

"నువ్వు చెప్పు" అన్నాడు కమ్రాన్ కెప్టెన్‌తో. "నీ ఫారం నింపినప్పుడు పక్కనే ఉన్నావు కదా. ఎవడు?"

కెప్టెన్ నా వంక చూశాడు. కోపంగా కాదు. నోరు విప్పడానికి చాలినంత టైము ఇస్తున్నట్టు చూశాడు. ఒక్క మాట, నేను కొట్టాను సార్ అని. పోతే నా కుర్చీ పోయేది. కోరుట్లకు పోయి ఏదో ఒక షాపులో బిల్లులు రాసుకునేవాణ్ణి, చచ్చిపోయేవాణ్ణి కాదు. నేను చేతిలో ఉన్న కార్బన్ కాగితాన్ని మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాను.

"నేనే అట్లా చెప్పాను" అన్నాడు కెప్టెన్ ఇంగ్లీషులో. "అది మా పాత పేరు."

కమ్రాన్ మొహం మాడిపోయింది. మనిషే తప్పుడు పేరు ఇచ్చానని ఒప్పుకుంటే కంపెనీ ఉత్తరం ఎట్లా ఇస్తుంది? కేసు తన మీదికి వస్తుందని భయపడ్డాడు. వీసా క్యాన్సల్ చెయ్, వారంలో పంపించెయ్ అన్నాడు. ఆ క్యాన్సల్ కాగితం కూడా నేనే టైపు చేశాను. పేరు కార్డులో ఉన్నట్టే ఉండాలి కాబట్టి మహమ్మద్ అని పూర్తిగా, ఒక్క తప్పు లేకుండా కొట్టాను.

ఇన్నేళ్లూ అందరినీ మొద్దులన్నాను. థూ, నా బతుకు! బాగ్దాద్ కబుర్లు చెప్పుకునే గులాం నబీని చూసి నవ్వాను. వాడికీ నాకూ తేడా ఏమిటంటే వాడు ఆ రాత్రి అన్నం తినలేకపోయాడు.

సీబ్ ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకుపోయాను. మనిషి లోపలికి పోయే ముందు మాత్రమే పాస్‌పోర్టు చేతికివ్వాలని రూలు, అది నా పని. దారిలో మూడుచోట్ల సముద్రం కనిపించింది. ఆయన అటు తిరగలేదు. గేటు దగ్గర పాస్‌పోర్టు తీసుకుని, నాలుగు అడుగులు పోయి వెనక్కి వచ్చాడు.

"జయరాం, మూడో ట్యాంకర్ వాల్వ్ కారుతున్నది. వర్క్‌షాప్ల చెప్పాలె. నేను చెప్పుడు మర్చిపోయిన అని నర్సింగ్‌కు చెప్పు."

ఆయన మర్చిపోలేదు. మంగళవారమే నాతో చెప్పాడు. వర్క్‌షాప్‌కు చీటీ రాయాల్సింది నేను, రాయలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా అదే మాట అని, పెట్టె పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

క్యాంపుకు వచ్చేసరికి నర్సింగ్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పోయేటప్పుడు అన్న ఏమన్నడు?" అని అడిగాడు.

"మూడో ట్యాంకర్ వాల్వ్ కారుతున్నదట. చెప్పుడు మర్చిపోయిండట" అన్నాను.